వంటగది ఫోటో నుంచి కోర్టు తీర్పు దాకా: ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పని ఎలా నడుస్తుంది?

స్టవ్ కింద బొద్దింకలు, ఫ్రిజ్‌లో రంగు మారిన చికెన్, తేదీ దాటిపోయిన మసాలా ప్యాకెట్లు. 2024లో హైదరాబాద్ హోటళ్లలో టాస్క్‌ఫోర్స్ తనిఖీలు జోరందుకున్నప్పటి నుంచి ఇలాంటి ఫోటోలు మనకు అలవాటైపోయాయి. ఫోటో చూసి వారం తిరక్కుండానే అదే హోటల్ ముందు మళ్లీ జనం కనిపిస్తారు. 'ఎంతో కొంత పుచ్చుకుని వదిలేసుంటారు' అనే మాట వెంటనే వస్తుంది. ఆ అనుమానం సహజమే. అయితే లంచం ఊసే లేని చోట కూడా, చట్టాన్ని అక్షరాలా పాటించినా, దాదాపు ఇలాగే జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే తనిఖీకి వెళ్లిన అధికారి చేతిలో నిజంగా ఏ అధికారం ఉంది, ఏది లేదు అన్నది ముందు చూడాలి.

టీవీలో కనిపించే తనిఖీ ఈ ఉద్యోగంలో చిన్న ముక్క. అసలు పనంతా జాయింట్ కలెక్టర్ ముందో, మేజిస్ట్రేట్ ముందో నిలబడే సాక్ష్యాన్ని తయారుచేయడం. ఆ సాక్ష్యం శాంపిల్ తీసిన మొదటి గంటలోనే నిలబడుతుంది, లేదా చెడిపోతుంది.

ఎవరీ అధికారి? పైన ఎవరున్నారు?

ఊళ్లో ఇప్పటికీ 'ఫుడ్ ఇన్‌స్పెక్టర్' అనే అంటారు. అది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కాలపు పేరు. 2006లో పార్లమెంటు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేసింది. దాని నియమ నిబంధనలు 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చాయి. ఆ రోజు నుంచి పాత చట్టం పోయి, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కాస్తా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అయ్యారు.

ఢిల్లీలోని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ప్రమాణాలు రాస్తుంది. వాటిని అమలుచేసేది ఎక్కువగా రాష్ట్రాలే. రాష్ట్రంలో అందరికీ పైన ఆహార భద్రతా కమిషనర్ ఉంటారు. జిల్లా స్థాయిలో డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్లు ఈ బాధ్యత చూస్తుంటారు. లైసెన్సు ఇవ్వడం, ఆపడం, కేసు పెట్టాలా వద్దా తేల్చడం వీరి పని. వీరి కింద క్షేత్రంలో తిరిగేవారే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు. వీరికి సమాంతరంగా, వీరి అజమాయిషీ లేకుండా, ప్రయోగశాలలో ఫుడ్ అనలిస్ట్ ఉంటారు. తెలంగాణ శాంపిళ్లు పరీక్షించే రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది.

ఈ ఉద్యోగానికి ఏ డిగ్రీ పడితే ఆ డిగ్రీ పనికిరాదు. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, ఆయిల్ టెక్నాలజీ, వ్యవసాయం, పశువైద్యం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీలలో డిగ్రీ గానీ, కెమిస్ట్రీలో పీజీ గానీ, వైద్య పట్టా గానీ ఉండాలి. ఎంపిక పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష ద్వారా జరుగుతుంది. తెలంగాణలో 2022లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నవి 24 పోస్టులు. రాష్ట్రంలోని హోటళ్లు, కిరాణా కొట్లు, బేకరీలు, మిల్లులు, పాల కేంద్రాలు, హాస్టళ్లు అన్నిటినీ ఒకసారి మనసులో ఎంచుకుంటే ఆ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒకే అధికారి సొంత జిల్లాతోపాటు పక్క జిల్లా బాధ్యత కూడా మోయడం కొత్తేమీ కాదు.

చట్టం దృష్టిలో చెడ్డ తిండి ఒక్కటే రకం కాదు

మనం అన్నిటినీ 'కల్తీ' అనేస్తాం. చట్టం అలా అనదు. ముఖ్యంగా మూడు గదులున్నాయి. ఏ గదిలో పడిందన్నదాన్ని బట్టే కేసు ఎక్కడికి వెళ్తుందో, జైలా జరిమానానా అన్నది తేలుతుంది.

మొదటిది నాసిరకం. నిర్దేశించిన ప్రమాణానికి తగ్గింది, కానీ తింటే హాని లేదు. జరిమానా 5 లక్షల రూపాయల దాకా. రెండోది మిస్‌బ్రాండెడ్. లేబుల్ మీద తప్పు రాశారు, లేదా ఉండాల్సింది లేదు. జరిమానా 3 లక్షల దాకా. ఈ రెండిటికీ జైలు లేదు. కోర్టు కూడా లేదు. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి విచారించి జరిమానా వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ అన్నమాట.

మూడోది అసురక్షిత ఆహారం. ఆరోగ్యానికి హాని చేసేది. ఇది నేరం, కోర్టుకు వెళ్తుంది. ఎవరికీ ఏమీ కాకపోయినా జైలు పడవచ్చు. మొదట ఇది ఆరు నెలల దాకా, లక్ష రూపాయల జరిమానా దాకా ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దాన్ని మూడు నెలలకు తగ్గించి, జరిమానాను మూడు లక్షలకు పెంచింది. తిన్నవారికి హాని జరిగితే ఏడాది దాకా, తీవ్రమైన హాని జరిగితే ఆరేళ్ల దాకా, ప్రాణం పోతే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చు.

మురికి వంటగది ఈ మూడింటిలో దేనిలోకీ నేరుగా రాదు. అపరిశుభ్ర పరిస్థితుల్లో తయారీ అనేది వేరే సెక్షన్. దానికి జరిమానా లక్ష రూపాయల దాకా. బొద్దింకల ఫోటో ఎంత వైరల్ అయినా, ఆ ఫోటో ఒక్కటే ఆధారమైతే చట్టం వేయగలిగిన గరిష్ఠ శిక్ష ఇంతే. జనం కోపానికీ చట్టం కొలతకూ మధ్య దూరం ఇక్కడే మొదలవుతుంది.

ఒకే కారం పొట్లం, నాలుగు రకాల కేసులు

గుంటూరు వైపు నుంచి వచ్చిన పావుకిలో కారం పొట్లాన్ని కిరాణా కొట్లో అధికారి శాంపిల్ తీశారనుకుందాం. ప్రయోగశాల నివేదిక నాలుగు రకాలుగా రావచ్చు.

ఒకటి: ఆమ్లంలో కరగని బూడిద 1.9 శాతం వచ్చింది. పరిమితి 1.3. కారాన్ని కాల్చి, మిగిలిన బూడిదను పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే కరగకుండా మిగిలేది ప్రధానంగా ఇసుక, మట్టి. ఎవరో కావాలని కలిపే ఉంటారని కాదు. మిరపకాయల్ని కల్లంలో నేల మీద ఆరబోసి, తొడిమ తీయకుండా, దుమ్ము దులపకుండా మర పట్టినా ఈ అంకె దాటుతుంది. ఇది నాసిరకం. జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్తుంది.

రెండు: సూడాన్ రంగు ఉన్నట్టు తేలింది. తిండిలో వాడకూడని రంగు ఇది. మసాలా పొడుల్లో కృత్రిమ రంగులు వేటికీ అనుమతి లేదు. ఇది అసురక్షితం. కోర్టుకు వెళ్తుంది.

మూడు: రంగు లేదు, ఇసుక లేదు, కానీ అఫ్లటాక్సిన్ పరిమితి మించింది. కాయ సరిగా ఆరకుండా బస్తాకెత్తితే పట్టే బూజు ఈ విషాన్ని తయారుచేస్తుంది. కల్తీ చేసే ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా పరిమితి మించిన కలుషితం ఉంటే అది అసురక్షితమే. ఉద్దేశం లేదన్నంత మాత్రాన తప్పు లేకుండా పోదు.

నాలుగు: కారం మేలైనదే, లేబుల్ మీద తయారీ తేదీ లేదు. మిస్‌బ్రాండెడ్.

ఈ నాలుగింటిలోనూ అధికారి చేసిన పని ఒక్కటే. పొట్లం కొన్నారు, సీలు వేశారు, పంపారు. కంటితో చూసి 'ఇది కల్తీ కారం' అని ప్రకటించే హక్కు వారికి లేదు. ఇక కొట్టు యజమాని సంగతి. ప్యాకెట్ సీలు చెదరకుండా, బిల్లుతో కొని, చెప్పినట్టే నిల్వ ఉంచి అమ్మానని చూపగలిగితే తగిన జాగ్రత్త తీసుకున్నానని రక్షణ కోరవచ్చు. అప్పుడు భారం ప్యాక్ చేసినవారి మీదికి జరుగుతుంది. బిల్లు లేకుండా తెచ్చినవారికి ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. చిన్న కొట్లవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

చట్టంలో ఒక చిక్కుముడి కూడా ఉంది. 'అసురక్షితం' అన్న నిర్వచనం కింద ఇచ్చిన కారణాల జాబితాలో 'నాసిరకం కావడం వల్ల', 'మిస్‌బ్రాండెడ్ కావడం వల్ల' అన్న మాటలు కూడా ఉన్నాయి. అలాగని ప్రతి నాసిరకమూ అసురక్షితం కాదు. ఆ కారణం వల్ల ఆరోగ్యానికి హాని కలిగే స్థితి రావాలి. అందుకే అనలిస్ట్ 'అసురక్షితం' అని ఒక్క మాట రాసి వదిలేస్తే చాలదు. ఎందువల్ల హానికరమో రాయాలి. అది రాయని నివేదికను డిఫెన్స్ లాయరు ముందుగా పట్టుకుంటారు.

మొదటి గంటలో జరిగేది

పాల కేంద్రంలో శాంపిల్ తీయడాన్ని వరసగా చూద్దాం.

అధికారి తన గుర్తింపు కార్డు చూపి, పరీక్ష కోసం శాంపిల్ తీస్తున్నానని ఫారం 5ఎ నోటీసు రాతపూర్వకంగా ఇస్తారు. సాక్షిని పిలుస్తారు. పక్క కొట్టువాళ్లు ఎవరూ ముందుకు రారు. రేపు పొద్దున అదే వీధిలో బతకాలి కదా. పిలిచినా రాలేదని రికార్డులో రాయకపోతే 'సాక్షుల్ని పిలవనే లేదు' అన్న వాదనకు తలుపు తీసినట్టే.

శాంపిల్‌కు డబ్బు చెల్లించి రసీదు తీసుకోవాలి. ఊరికే తీసుకుంటే అది శాంపిల్ అనిపించుకోదు.

తర్వాతిది కలపడం. నిలకడగా ఉన్న క్యాన్‌లో వెన్న పైకి తేలుతుంది. పైనుంచి ముంచితే వెన్న ఎక్కువ, అడుగు నుంచి తీస్తే తక్కువ వస్తుంది. శుభ్రమైన, పొడి గరిటెతో క్యాన్ అడుగుదాకా బాగా కలిపి తీయాలి. గరిటె తడిగా ఉందంటే చాలు, 'నీళ్లు అధికారి గరిటెవే' అన్న వాదన తయారు.

నాలుగు భాగాలు చేసి నాలుగు పొడి సీసాల్లో పోస్తారు. పాలు విరగకుండా ఫార్మలిన్ వేస్తారు. ప్రతి 25 మిల్లీలీటర్లకు 0.1 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలు. సీసాలో 500 మిల్లీలీటర్లు ఉంటే 2 మిల్లీలీటర్లు, సుమారు 40 చుక్కలు. వేసినట్టు శాంపిల్‌తో పంపే మెమోరాండంలో (ఫారం 6) రాయాలి. అమ్మేవాళ్లే ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో వెళ్లినప్పుడు మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. అధికారే ఫార్మలిన్ వేశాక ఇక పరీక్షించేదేముంది? ఆ పరీక్షకు ఏమీ కలపకుండా వేరే శాంపిల్ తీసి ఐసు పెట్టెలో చల్లగా చేర్చాలి.

సీలు వేయడానికి ఒక క్రమం ఉంది. మూత బిగించి, సీసా మొత్తానికి మందపాటి కాగితం చుట్టి, అంచులు మడిచి జిగురుతో అంటిస్తారు. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ సంతకం, కోడ్ నంబరు ఉన్న కాగితపు చీటీని అడుగు నుంచి పైదాకా చుట్టూ అతికిస్తారు. దాని మీద పురికొస కట్టి, లక్కతో నాలుగు సీళ్లు వేస్తారు: పైన ఒకటి, కింద ఒకటి, పక్కల రెండు. అమ్మకందారు సంతకం కొంత చీటీ మీద, కొంత కింది కాగితం మీద పడేలా తీసుకుంటారు. చీటీని ఎవరైనా మార్చితే సంతకం రెండుగా విడిపోయి దొరికిపోతుంది.

నాలుగు సీసాల్లో ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ భద్రతలోకి వెళ్తాయి. నాలుగోది వ్యాపారి కోరితే, ఆయన ఖర్చుతో గుర్తింపు పొందిన వేరే ప్రయోగశాలకు వెళ్తుంది. రెండు నివేదికలూ తేడాగా వస్తే, భద్రపరిచిన భాగాన్ని రిఫరల్ ప్రయోగశాలకు పంపుతారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) అలాంటిదే. వారి మాటే ఆఖరు. శాంపిల్‌తో వెళ్లే ఫారం 6 మీద సీలు ముద్ర నమూనా వేసి విడిగా కూడా పంపాలి. ప్రయోగశాలవాళ్లు దాన్ని సీసా మీది ముద్రతో పోల్చి చూస్తారు. సరిపోలకపోతే అక్కడితో సరి.

అక్కడికక్కడ చేసే పరీక్షల సంగతేమిటి? పసుపులో మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు ఉందా అని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడటం చాలామందికి తెలుసు. ఎర్రగా మారగానే కల్తీ అనుకుంటారు. కానీ మంచి పసుపు కూడా గాఢ ఆమ్లంలో ఎర్రబడుతుంది. నీళ్లు పోసినప్పుడు ఆ ఎరుపు పోతే పసుపుదే. నిలిచిపోతే మెటానిల్ ఎల్లో అన్న అనుమానం గట్టిపడుతుంది. కాగిన నూనె నాణ్యత చూసే మీటరు కూడా ఇలాంటిదే. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనెను పదేపదే కాచినప్పుడు పెరిగే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. ఇవన్నీ ఎక్కడ శాంపిల్ తీయాలో తేల్చుకోవడానికే. శిక్షకు కావలసింది అనలిస్ట్ నివేదిక.

ప్రయోగశాలకు కూడా అర్హత ఉండాలి. 2015 నాటి మ్యాగీ నూడుల్స్ వ్యవహారం తేల్చింది ఇదే. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం (పది లక్షల పాళ్లలో 17.2 పాళ్లు) ఉందని కోల్‌కతా ప్రయోగశాల చెప్పింది. పరిమితి 2.5. ఆ ఏడాది జూన్ 5న దేశమంతా నిషేధం విధించారు. ఆగస్టు 13న బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన వినలేదని, పరీక్షించిన ప్రయోగశాలలకు చట్టం కోరిన గుర్తింపు లేదని చెప్పి, మూడు గుర్తింపు ఉన్న ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్ష చేయించమంది. ఆ మూడింటిలో ఒకటి హైదరాబాద్‌లోని విమ్టా ల్యాబ్స్. సీసం పరిమితిలోపే ఉందని తేలి, నవంబరులో అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. మొదటి పరీక్ష తప్పా, రెండోసారి ఇచ్చిన బ్యాచ్‌లు వేరా అన్న చర్చ ఎంతైనా చేయవచ్చు. కానీ గుర్తింపు లేని చోట పరీక్షించిన శాంపిల్‌తో కేసు నిలవదన్నది మాత్రం ఖాయమైంది.

'శాంపిళ్లు ఫెయిల్' వార్తను ఎలా చదవాలి

శాంపిళ్లలో రెండు రకాలు. ఇప్పటిదాకా చెప్పింది ఎన్‌ఫోర్స్‌మెంట్ శాంపిల్. రెండోది సర్వైలెన్స్ శాంపిల్. మార్కెట్లో పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవడానికి తీసేది. నాలుగు భాగాలు, నోటీసు, లక్క సీళ్ల తతంగం దీనికి ఉండదు. అందుకే సర్వైలెన్స్ శాంపిల్ ఫెయిలైనా దాని మీద నేరుగా కేసు పెట్టలేరు. మళ్లీ వెళ్లి ఎన్‌ఫోర్స్‌మెంట్ శాంపిల్ తీయాలి. అప్పటికి ఆ బ్యాచ్ అమ్ముడైపోయి ఉండవచ్చు. పండగ ముందు 'ఇన్ని మిఠాయి శాంపిళ్లు ఫెయిల్' అని వార్త వచ్చి, తర్వాత కేసులు కొన్నే కనిపించడానికి ఇదొక కారణం. ఆ వార్తలోని అంకెలో నాసిరకం, లేబుల్ తప్పులు, అసురక్షితం మూడూ కలిసిపోయి ఉంటాయి. వాటిలో అసురక్షితం ఎన్నో విడిగా చెప్పకపోతే ఆ అంకె మనకు పెద్దగా ఏమీ చెప్పదు.

బిర్యానీతో వచ్చే చిక్కు

పాలకు ప్రమాణం ఉంది. టోన్డ్ పాలలో వెన్న 3.0 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలి. నివేదికలో 8.1 వస్తే లెక్క సులువు: 0.4ను 8.5తో భాగిస్తే దాదాపు 4.7 శాతం. నూటికి అయిదు పాళ్ల నీళ్లకు దగ్గరగా అన్నమాట. నాసిరకం అని వెంటనే చెప్పవచ్చు.

బిర్యానీలో మాంసం ఇంత ఉండాలి, నెయ్యి ఇంత ఉండాలి అన్న ప్రమాణం లేదు. ప్రమాణమే లేనప్పుడు 'ప్రమాణానికి తగ్గింది' అనలేం. కాబట్టి వండిన తిండి మీద కేసు పెట్టాలంటే చాలావరకు అనుమతి లేని రంగైనా దొరకాలి, హాని చేసే సూక్ష్మజీవులైనా దొరకాలి.

సూక్ష్మజీవులతో ఇంకో బాధ ఉంది. కారం పొడి నెల తర్వాత పరీక్షించినా ఇసుక అంతే ఉంటుంది. అన్నంలో బాక్టీరియా అలా కాదు. గోరువెచ్చగా ఉంటే పెరుగుతుంది, మంచులో కొంత చస్తుంది. 60 డిగ్రీల పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ లేని తిండిలో గంటగంటకూ లెక్క మారిపోతుంది. ఈ శాంపిల్‌కు స్టెరిలైజ్ చేసిన డబ్బాలు కావాలి, ఫార్మలిన్ లాంటివి వేయకూడదు, చల్లదనం తెగకుండా ప్రయోగశాలకు చేరాలి. ఆదిలాబాద్ అడవి ఊళ్లోని హాస్టల్లో సాయంత్రం పిల్లలు వాంతులు చేసుకుంటే, ఆ ఉప్మా శాంపిల్ నాచారం చేరేసరికి ఎంత సేపవుతుందో ఊహించండి. పైగా అధికారి వెళ్లేసరికి గిన్నెలు కడిగేసి ఉంటారు. ఫుడ్ పాయిజనింగ్ ఘటనల్లో కారణం కచ్చితంగా తేలకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. సాక్ష్యం స్వభావమే అలాంటిది.

ఇలాంటి చోట కేసు కంటే నిషేధం త్వరగా పనిచేస్తుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని పలువురు ఆసుపత్రి పాలై, ఒక మహిళ చనిపోయాక, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ఏడాదిపాటు నిషేధించింది. ప్రజారోగ్యం కోసం ఏ ఆహారాన్నయినా ఏడాది దాకా నిషేధించే అధికారం కమిషనర్‌కు ఉంది. మోమో దుకాణం మీద కేసు తేలడానికి ఆగకుండా ప్రమాదకరమైన పద్ధతినే ఆపే మార్గం ఇది.

అంతా గడువులోగా జరిగినా ఎన్ని నెలలు?

జూన్ 2న శాంపిల్ తీశారనుకుందాం. మర్నాడు ప్రయోగశాలకు వెళ్తుంది. చేరిన 14 రోజుల్లో నివేదిక రావాలి. అంటే జూన్ 17. నివేదిక నచ్చకపోతే వ్యాపారికి ఫారం 8లో అప్పీలు చేసుకోవడానికి 30 రోజులుంటాయి. అప్పటికి జూలై మూడో వారం. అప్పీలు చేస్తే రిఫరల్ ప్రయోగశాల సమయం అదనం. తర్వాత ఫైలు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ బల్ల మీదికి వస్తుంది. జైలు శిక్ష ఉన్న నేరమైతే కమిషనర్ అనుమతి తెచ్చుకోవాలి. జరిమానా కేసైతే జాయింట్ కలెక్టర్ దగ్గర దరఖాస్తు. అక్కడ విచారణకు 90 రోజుల గడువు. ఎక్కడా ఒక్క రోజు ఆలస్యం కాకపోయినా నవంబరు వచ్చేస్తుంది. జాయింట్ కలెక్టర్‌కు ఇదొక్కటే పని కాదు. భూముల ఫైళ్లు, ధాన్యం కొనుగోళ్లు, ఎన్నికలు అన్నీ ఆయన బల్ల మీదే ఉంటాయి. ఆ తీర్పు మీద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇంకోవైపు నేరం జరిగిన ఏడాదిలోపు కోర్టు కేసు చేపట్టకపోతే కాలదోషం పడుతుంది. కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా పొడిగించవచ్చు.

హోటల్ మూయించేది ఎవరు?

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఒక్కరే తాళం వేయలేరు. సరుకు స్వాధీనం చేసుకోగలరు, శాంపిల్ తీయగలరు, లోపలికి వెళ్లి చూడగలరు. అంతవరకే. లోపాలు కనిపిస్తే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇస్తారు. సరిచేసుకోవడానికి 14 రోజులకు తగ్గని గడువు ఇవ్వాలి. అప్పటికీ మారకపోతే లైసెన్సు సస్పెన్షన్, ఆ తర్వాత రద్దు. ప్రజారోగ్యానికి ముప్పు ఉందనుకుంటే కారణాలు రాసి వెంటనే కూడా సస్పెండ్ చేయవచ్చు. ఫోటో వచ్చిన వారానికే హోటల్ నడుస్తూ కనిపించడం వెనక ఎక్కువగా ఉండేది ఈ 14 రోజులే. మునిసిపల్ చట్టాల కింద మూయించే అధికారం వేరు. దానికీ దీనికీ ముడిపెట్టడం వల్లే చాలా గందరగోళం.

పోలీసులు పట్టుకున్న అల్లం వెల్లుల్లి పేస్ట్

ఏ షెడ్డులోనో డ్రమ్ముల కొద్దీ కల్తీ పేస్టు దొరికిందని పోలీసులు విలేఖరుల సమావేశం పెడతారు. పాత ఐపీసీలోని 272, 273 సెక్షన్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 274, 275 సెక్షన్లు ఆహార కల్తీ గురించినవే. అయితే ఒకే తప్పుకు రెండు చట్టాలు వాడవచ్చా? 2024 ఫిబ్రవరిలో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు వాడకూడదంది. ఆహార భద్రతా చట్టంలోని 89వ సెక్షన్ దానికి మిగతా చట్టాల మీద పైచేయి ఇచ్చింది కాబట్టి, 59వ సెక్షన్ కిందికి వచ్చే అసురక్షిత ఆహారం కేసులో ఐపీసీ సెక్షన్లు నిలవవని తేల్చింది. ఆచరణలో దీని అర్థం: పోలీసులు సమాచారం సేకరించి దాడి చేయవచ్చు, కానీ నోటీసుతో, నాలుగు భాగాలుగా శాంపిల్ తీసే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అక్కడ లేకపోతే ఆ దాడి కేసుగా మారడం కష్టం.

జైలు తీసేయడం మంచిదైందా?

దీని మీద నిజాయితీగా రెండు అభిప్రాయాలున్నాయి. పాత చట్టంలో వెన్న కొద్దిగా తగ్గినా కనీసం ఆరు నెలల జైలు. సైకిల్ మీద పాలు పోసే మనిషి, రంగు కలిపే ఫ్యాక్టరీ ఒకే కొలతకు లోబడేవారు. శిక్ష అంత పెద్దది కాబట్టి ప్రతి కేసూ చివరిదాకా, ఏళ్ల తరబడి పోరాటమే. 2006 చట్టం హాని లేని తప్పుల్ని జరిమానాలకు మార్చింది న్యాయంగానే ఉందంటారు ఒక పక్షం. అవతలి పక్షం మాట కూడా బలమైనదే. 5 లక్షలన్నది గరిష్ఠం మాత్రమే. కనిష్ఠం లేదు. పెద్ద వ్యాపారి చిన్న జరిమానా కట్టేసి, దాన్ని ఖర్చుల ఖాతాలో రాసుకుని మళ్లీ అదే సరుకు అమ్మవచ్చు. జరిమానా తేల్చేటప్పుడు ఎంత లాభం పొందారు, ఎంత నష్టం కలిగింది, ఎన్నోసారి, తెలిసి చేశారా అన్నవి చూడాలని 49వ సెక్షన్ చెబుతుంది. ఆ లాభం లెక్కను ఫైల్లో పెట్టేవారు లేకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోతుంది. మా అభిప్రాయంలో సమస్య జైలు లేకపోవడంలో కంటే ఈ లెక్క రాయకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

ఫోటోలు బయటపెట్టడం మీద కూడా ఇలాగే. తినేవాళ్లకు తెలుసుకునే హక్కుంది, నెలలు పట్టే జరిమానా కంటే ఒక్క ఫోటోకే హోటళ్లు ఎక్కువ భయపడతాయి. కానీ నివేదిక రాకముందే పేరు బయటపడ్డాక, శాంపిల్ మంచిదని తేలితే ఆ పేరును ఎవరు తిరిగి తెస్తారు? మురికి, తేదీ దాటిన సరుకు లాంటివి కంటికి కనిపించే నిజాలు. 'కల్తీ' మాత్రం ప్రయోగశాల చెప్పాల్సిన మాట. ఈ రెండింటినీ విడదీసి ప్రకటిస్తే వివాదం చాలావరకు తగ్గుతుంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో

పొద్దున్నే ఆరింటికి పాల వాహనాలు, మధ్యాహ్నం ఆఫీసులో ఫారాలు, వారంలో కొన్ని రోజులు జాయింట్ కలెక్టర్ కార్యాలయంలోనో కోర్టులోనో హాజరు. వేసవిలో మామిడికాయల గోదాములు. కాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ నిషిద్ధం, ఎథిలిన్ వాయువు 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. దసరా, దీపావళికి మిఠాయిలు, కోవా. ఏదైనా హాస్టల్ నుంచి ఫోన్ వస్తే ఇవన్నీ పక్కకు. రాజకీయ నాయకుల ఫోన్లు వేరే.

కక్షతో, కారణం లేకుండా సరుకు స్వాధీనం చేసుకుంటే అధికారికే లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అధికారి మీద అబద్ధపు ఫిర్యాదు చేస్తే ఫిర్యాదుదారుకు 50 వేలకు తగ్గకుండా లక్ష దాకా. 39వ సెక్షన్ రెండు వైపులా కాపలా పెట్టింది.

బదిలీ అయినా పాత జిల్లా కేసులు వదలవు. సాక్ష్యం చెప్పాల్సింది శాంపిల్ తీసినవారే. ఏళ్ల తర్వాత బోనులో నిలబడితే గరిటె పొడిగా ఉందా, ఎన్ని చుక్కలు వేశారు అని అడుగుతారు. జ్ఞాపకం చాలదు, ఆ రోజు పంచనామాలో రాసిందే చెప్పాలి. ప్రమోషన్ మీద డిజిగ్నేటెడ్ ఆఫీసర్ అయిన తర్వాత ఇదే అధికారి ఇతరుల ఫైళ్లు చూస్తారు. నివేదిక కంటే ముందు ఫారం 5ఎ మీది సమయం, సాక్షి గురించి రాసిన వాక్యం, మెమోరాండం మీది సీలు ముద్ర చూస్తారు. ఆ మూడూ సరిగ్గా ఉంటేనే నివేదిక పేజీ తిప్పుతారు.